సర్పి మానాక మిగిలిన మంట: రెండు నొప్పులను విడదీసిన ఒక కేసు

సర్పి (ఆటలమ్మ వైరస్ ఏళ్ల తర్వాత మళ్లీ లేచి తెచ్చే పొక్కుల జబ్బు, హెర్పిస్ జోస్టర్) తాలూకు నొప్పితో తిరుపతిలోని మా నొప్పి చికిత్సా క్లినిక్‌కు వచ్చేవాళ్లు తక్కువేమీ కాదు. అన్ని కేసులూ రాయదగినంత కొత్తవీ కావు. దీన్ని రాయడానికి కారణం, ఇందులో రెండు నొప్పులు ఒకే మనిషిలో కలిసిపోయి ఒక్కటిగా కనిపించడం. ఒకటి వైరస్ మిగిల్చింది. రెండోది నొప్పి మాత్ర తెచ్చిపెట్టిందని మా అంచనా. వాటిని విడదీయడానికి వెన్నుపాములోని రసాయనాల గురించి తెలిసిన నాలుగు ముక్కలే ఆసరా అయ్యాయి. రోగిని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను. వైద్యానికి సంబంధించినవి మార్చలేదు.

నేపథ్యం

చిత్తూరు వైపు పల్లెకు చెందిన రైతు. వయసు అరవై అయిదు దాటింది. తోతాపురి తోట ఉంది, కొంత వేరుశనగ వేస్తారు. మధుమేహం మెట్‌ఫార్మిన్‌తో అదుపులో ఉంది. ప్రోస్టేట్ పెరగడంతో రాత్రిళ్లు మూత్రానికి లేవాల్సి వస్తుంది. మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.5. వయసు, బరువు కలిపి లెక్కగడితే మూత్రపిండాల వడపోత నిమిషానికి దాదాపు 40 మిల్లీలీటర్లు. తర్వాత మేం తీసుకున్న ప్రతి నిర్ణయం వెనకా ఈ అంకె ఉంది.

మా దగ్గరికి రావడానికి ఏడు నెలల ముందు కుడి రొమ్ము కింది నుంచి వీపు దాకా నీటిపొక్కులు పట్టీలా లేచాయి. ఊళ్లో సర్పి అని గుర్తుపట్టి ఎర్రమన్ను పూశారు. పూత వల్ల పెద్ద నష్టం జరగలేదు, ఆలస్యం వల్ల జరిగింది. పొక్కులు లేచిన 72 గంటల్లోపు ఎసైక్లోవిర్ లాంటి మందు మొదలుపెట్టడం మంచిది. ఈయనకు ఆరో రోజున మొదలైంది. నెల తిరిగేసరికి చర్మం మానింది, మంట మానలేదు. మూడు నెలలు దాటినా అలాగే ఉంటే దాన్ని సర్పి అనంతర నరాల నొప్పిగా లెక్కిస్తాం.

మా దగ్గరికి రాకముందు ఆయనకు చాలా మందులు నడిచాయి. మొదట డైక్లోఫెనాక్, వారాల తరబడి. అది వాపునూ నొప్పినీ పెంచే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని తగ్గించే మందు. వాపు ఉన్న కీలుకు పనికివస్తుంది కానీ, వైరస్ కొరికేసిన నరానికి దాంతో ఒరిగేది స్వల్పం. పైగా ఈ మూత్రపిండాలకు అది భారం. తర్వాత నరాల నొప్పికి ఇచ్చే గబాపెంటిన్ 300 మిల్లీగ్రాములు, మొదటి రోజు నుంచే మూడు పూటలా. మందు ఎంపిక సరైనదే, మొదలుపెట్టిన తీరు ఈ శరీరానికి ఎక్కువైంది. తూలి పశువుల కొట్టం దగ్గర పడ్డారు. ఇంట్లోవాళ్లు భయపడి ఆపేశారు. ఆ పైన ఓపియాయిడ్ (నల్లమందు కోవ) నొప్పి మాత్ర ట్రమడాల్ వచ్చింది. ఆరంభంలో బాగా పనిచేసింది. పనిచేసింది కాబట్టే పెరిగింది.

వచ్చేసరికి ఉన్న పరిస్థితి

నడి ఎండాకాలంలో చొక్కా లేకుండా, ఎడమ భుజాన పంచె వేసుకుని వచ్చారు. ఫ్యాను గాలి తగిలితే ఒళ్లు మండుతుందని గుమ్మం దగ్గరే నిలబడ్డారు. నొప్పిని సున్నా నుంచి పది వరకు అంకెల్లో చెప్పమంటే మా వైపు పెద్దవాళ్లు తడబడతారు. రూపాయి లెక్కలో అడిగితే వెంటనే చెబుతారు. "పదహారణాలూ ఉంది సారూ" అన్నారు.

అప్పటికి ట్రమడాల్ రోజుకు 400 మిల్లీగ్రాములకు చేరింది. ఈ మందును 2018లో మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం పరిధిలోకి తెచ్చారు. అయినా పాత చీటీ చూపించి పట్టణంలోని ఒక మందుల షాపులో తెచ్చుకుంటూ వచ్చారు. మలబద్ధకం, చెమటలు, నిద్రలేమి ఉన్నాయి.

పరీక్షలో రెండు రకాల ప్రాంతాలు కనిపించాయి. మొదటిది పాత పట్టీ. మధ్యలో మొద్దుబారింది, సూదితో గుచ్చినా సరిగా తెలియదు. అంచుల్లో దూదిపోచ తగిలినా మంట. నరాల నొప్పిని తేల్చే డీఎన్4 ప్రశ్నావళిలో పదికి ఏడు వచ్చింది. నాలుగు, అంతకు మించి వస్తే నరాల నొప్పి అని అనుమానిస్తాం. రెండోదే మమ్మల్ని ఆపింది. రెండు నెలలుగా ఎడమ ఛాతీ, రెండు భుజాలు, తొడలు కూడా తాకితే సహించడం లేదు. అక్కడ మొద్దుబారడం లేదు, పొక్కులు ఎప్పుడూ రాలేదు.

సర్పి సాధారణంగా శరీరంలో ఒక పక్కన, ఒకటి రెండు నరాల పట్టీలకు పరిమితం. మధ్యగీత దాటి తొడల దాకా పాకదు. కాబట్టి రోగం ముదిరిందనే సమాధానం కుదరలేదు. రెండు పక్కలా లక్షణాలున్నాయి కాబట్టి వెన్నుపాము మీద ఒత్తిడి ఉందేమో చూడాలి. ప్రతిక్రియలు, కండరాల బలం బాగానే ఉన్నాయి. అయినా ఎంఆర్‌ఐ తీయించాం. ఒత్తిడి లేదు. మధుమేహం వల్ల వచ్చే నరాల జబ్బు మామూలుగా పాదాల్లో మొదలవుతుంది, ఈయన పాదాలు బాగున్నాయి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడినవారిలో బీ12 పడిపోవచ్చు. అదీ చూశాం, సరిగానే ఉంది.

మిగిలినవి రెండు. ఒకటి, మందుకు శరీరం అలవాటు పడటం. రెండు, మందే నాడీవ్యవస్థను మరింత సున్నితం చేయడం. మొదటిదైతే పాత నొప్పి పాత చోటే తిరిగివస్తుంది, మోతాదు పెంచితే తగ్గుతుంది. రెండోదైతే నొప్పి కొత్త చోట్లకు పాకుతుంది, మోతాదు పెంచితే ఇంకా పెరుగుతుంది. కుమారుణ్ని అడిగితే ప్రతిసారీ ఒకటే కథ చెప్పాడు. మాత్ర పెంచిన ఒకటి రెండు రోజులు హాయి, ఆ తర్వాత మునుపటికన్నా ఎక్కువ.

వెన్నుపాములో ఏం జరుగుతుంది

మా నిర్ణయాలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పాలంటే ఇక్కడ కొంచెం ఆగాలి.

చర్మం నుంచి నొప్పి కబురు మోసే సన్నని నరాలు వెన్నుపాము వెనుక కొమ్ములోని పై పొరల్లో ముగుస్తాయి. వాటి కొసల నుంచి, కబురును అవతలి కణానికి అందించే గ్లూటమేట్ అనే రసాయనం విడుదలవుతుంది. నొప్పి గట్టిదైతే సబ్‌స్టెన్స్ పి, సీజీఆర్‌పీ అనే పెప్టైడ్‌లు కూడా తోడవుతాయి. మామూలు రోజుల్లో గ్లూటమేట్ ఏఎంపీఏ గ్రాహకాల (కణం మీద కబురును అందుకునే ప్రొటీన్ల) మీద క్షణకాలం పనిచేసి ఊరుకుంటుంది. పక్కనున్న ఎన్‌ఎండీఏ గ్రాహకానికి మెగ్నీషియం అయాన్ బిరడాలా అడ్డుపడి ఉంటుంది. కబుర్లు ఆగకుండా వచ్చిపడుతూ, పెప్టైడ్‌లు అవతలి కణాన్ని ఎక్కువ సేపు ఉత్తేజంలో ఉంచితే ఆ బిరడా ఊడిపోయి కాల్షియం లోపలికి వస్తుంది. అది కణంలోని ఎంజైములను లేపుతుంది. అవి గ్రాహకాలను ఇంకా సున్నితం చేస్తాయి. ఇక చిన్న కబురుకు పెద్ద స్పందన, తాకిడి కబురుకు కూడా నొప్పి స్పందన. గాయం తర్వాత పెరిగే ఈ సున్నితత్వంలో వెన్నుపాముకు సొంత పాత్ర ఉందని క్లిఫర్డ్ వూల్ఫ్ 1983లో ఎలుకలపై చేసిన ప్రయోగాలతో చూపించాడు.

నిరోధం వైపు కూడా మార్పు వస్తుంది. గాబా, గ్లైసిన్ అనే రసాయనాలు క్లోరైడ్ అయాన్లను కణంలోకి రప్పించి దాన్ని శాంతపరుస్తాయి. అది జరగాలంటే కణం లోపల క్లోరైడ్ తక్కువగా ఉండాలి. ఆ పని చూసేది కేసీసీ2 అనే ప్రొటీన్. నరం దెబ్బతింటే వెన్నుపాములోని మైక్రోగ్లియా అనే రక్షక కణాలు మేల్కొని బీడీఎన్‌ఎఫ్ అనే పదార్థాన్ని వదులుతాయి, కేసీసీ2 తగ్గుతుంది, లోపల క్లోరైడ్ పేరుకుంటుంది. అప్పుడు గాబా ఉన్నా ఆపలేదు. 2003లో, 2005లో నేచర్ పత్రికలో వచ్చిన ఎలుకల ప్రయోగాలు ఈ వరుసను బయటపెట్టాయి. మనిషిలో ఇదంతా ఇదే మోతాదులో జరుగుతుందని చెప్పను. కానీ చొక్కా తగిలితే ఎందుకు మండుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి వివరణ నా దగ్గర లేదు.

ఓపియాయిడ్ మందులు రెండు నాడీకణాలు కలిసే ఈ సంధి దగ్గర రెండు వైపులా పనిచేస్తాయి. ఇవతల గ్లూటమేట్ విడుదలను తగ్గిస్తాయి, అవతలి కణాన్ని ఉత్తేజం కాకుండా ఆపుతాయి. అయితే దీర్ఘకాలం, పెద్ద మోతాదులో వాడితే ఎదురుదెబ్బ ఉంది. ఎన్‌ఎండీఏ గ్రాహకాల చురుకు పెరుగుతుంది, వెన్నుపాములో డైనార్ఫిన్ అనే రసాయనం పెరుగుతుంది, మెదడు కాండం నుంచి నొప్పిని పెంచే ఆదేశాలు దిగుతాయి. అంటే సర్పి ఏ దారిన వెన్నుపామును సున్నితం చేసిందో, మాత్ర కూడా దాదాపు అదే దారిన వెళుతుంది. ఇది ఎక్కువగా బలమైన ఓపియాయిడ్లతో చెప్పుకునే మాట. ట్రమడాల్ బలహీనమైనదని చాలామంది దీన్ని తలవరు. ఈ కేసులో మాకూ మొదట అదే అడ్డం వచ్చింది.

విడదీయడానికి చేసిన పని

పక్కటెముకల కింది నరాల దగ్గర, పాత పట్టీకి సరిపడేచోట, అల్ట్రాసౌండ్ చూస్తూ నరాన్ని మొద్దుబార్చే మందు బుపివకైన్ ఇచ్చాం. దీని ఉద్దేశం చికిత్స కన్నా ప్రశ్న అడగడం. భుజాల్లో, తొడల్లో సున్నితత్వానికి పాత పట్టీ నుంచి వచ్చే కబుర్లే కారణమైతే, ఆ కబుర్లు ఆపగానే అవి కూడా నెమ్మదించాలి.

అరగంటలో పట్టీ చల్లబడింది. నెలల తర్వాత మొదటిసారి చొక్కా తొడుక్కున్నారు. భుజాలు, తొడలు మాత్రం ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, దూదిపోచకు మునుపటిలాగే ముఖం చిట్లించారు.

ఒక్క ఇంజెక్షన్‌తో ఏదీ రుజువు కాదు. కానీ రెండు ప్రాంతాలకు రెండు కారణాలున్నాయన్న ఊహకు బలం వచ్చింది. పట్టీలోని నొప్పిని ఇప్పటికీ నరం పోషిస్తోంది. మిగతా ఒంటి నొప్పిని ఇంకేదో పోషిస్తోంది. రోజుకు 400 మిల్లీగ్రాముల ట్రమడాల్ ఆ ఇంకేదో కావడానికి అన్ని అర్హతలూ ఉన్నాయి.

ఫలించనివి, వద్దనుకున్నవి

ఇంజెక్షన్ అంత హాయినిచ్చింది కదా అని కుటుంబం మళ్లీ అడిగింది. ఇచ్చాం. ఒకటి రెండు రోజులకు మించి నిలవలేదు. ఊపిరితిత్తి పొరకు అంత దగ్గరలో అంత కొద్ది లాభం కోసం పదేపదే సూది పెట్టడం న్యాయం కాదనిపించి ఆపాం.

నరాల నొప్పికి పాత, చవకైన మందు అమిట్రిప్టిలిన్. ప్రోస్టేట్ ఉన్న మనిషికి మూత్రం బిగుసుకుపోయే ప్రమాదం ఉంది కనుక ముట్టుకోలేదు. ఎన్‌ఎండీఏ గ్రాహకాన్ని నేరుగా మూసే కెటమిన్ గురించి సహచరులతో మాట్లాడాం. రక్తపోటు పెరగడం, ఈ వయసులో మతి తప్పడం, గంటల తరబడి పర్యవేక్షణ, ఇవన్నీ తూచితే, ఆ గ్రాహకాన్ని రెచ్చగొడుతున్న మందును తీసేయడమే ముందు చేయవలసిన పనిగా తోచింది. అదే గ్రాహకం మీద కొంత పనిచేసే దగ్గు మందు డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ప్రస్తావనా వచ్చింది. అది ట్రమడాల్‌తో కలిస్తే సెరటోనిన్ అనే నాడీ రసాయనం ప్రమాదకర స్థాయికి చేరవచ్చు. కాబట్టి వద్దనుకున్నాం.

ప్రీగబాలిన్ మాత్రం ప్రయత్నించాం. నరం దెబ్బతిన్నప్పుడు సన్నని నరాల కొసల్లో కాల్షియం ద్వారాలకు చెందిన ఆల్ఫా-2-డెల్టా భాగం పెరుగుతుంది. గబాపెంటిన్, ప్రీగబాలిన్ రెండూ దానికే అంటుకుని గ్లూటమేట్, సబ్‌స్టెన్స్ పి విడుదలను తగ్గిస్తాయి. రెండూ మూత్రపిండాల ద్వారానే బయటికి పోతాయి. అందుకే రాత్రిపూట 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాం. పడిపోయిన అనుభవం ఇంకా తాజాగా ఉంది. నిద్ర కుదిరింది. పట్టీలో మంట పావలా మేర తగ్గింది. నెమ్మదిగా పెంచుకుంటూ 75 రెండు పూటలకు తీసుకెళితే కాళ్లకు నీరు వచ్చింది. వెనక్కి తగ్గించి రాత్రి 75 దగ్గర ఆపాం. భుజాలు, తొడల్లో మార్పు లేదు.

పనిచేసింది

అన్నిటికన్నా కష్టమైనది మందు తగ్గించడానికి ఆయన్ను ఒప్పించడం. "మంట ఎక్కువైతేనే కదా సారూ మాత్ర ఎక్కువ వేసుకున్నాను. మాత్ర తగ్గిస్తే మంట తగ్గుతుందంటే నమ్మేదెలా?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. గ్రాహకాల కథ చెప్పి లాభం లేదు. ఇంజెక్షన్ రోజునే గుర్తుచేశాను. "పెద్దాయనా, ఆ రోజు ఛాతీ చల్లబడింది, భుజాలు చల్లబడలేదు. భుజాల మంట సర్పిది కాదు. ఎవరిదో తేల్చుకుందాం. వారం వారం కొంచెం తగ్గిద్దాం, భుజాల సంగతి మీరే రాసిపెట్టండి. పెరిగితే ఆపేద్దాం." ఛాతీ గురించి ఏమీ హామీ ఇవ్వలేదు. కుమారుడు రోజూ రెండు వరుసల్లో రాయడం మొదలుపెట్టాడు. ఛాతీకి ఎన్ని అణాలు, ఒంటికి ఎన్ని అణాలు.

ట్రమడాల్ ఒక్కసారిగా ఆపదగిన మందు కాదు. అది ఒకవైపు ఓపియాయిడ్‌గా, మరోవైపు సెరటోనిన్, నోరడ్రినలిన్ తిరిగి పీల్చుకోకుండా ఆపే మందుగా పనిచేస్తుంది. హఠాత్తుగా ఆపితే రెండు రకాల ఉపసంహరణ లక్షణాలూ ఒకేసారి రావచ్చు. వారానికి 50 మిల్లీగ్రాముల చొప్పున దించాం. 250 దాటి కిందికి వచ్చేసరికి ఆవలింతలు, విరేచనాలు, కాలు నిలవని ఆరాటం కనిపించాయి. అక్కడ ఆగి, రెండు వారాలకు ఒక మెట్టు చేశాం. ఈ దశలో ఛాతీ వరుసలో అణాలు పెరిగాయి కూడా. కుటుంబం ఇక్కడే వెనక్కి వెళ్లిపోయేది. రెండో వరుస వాళ్లను నిలబెట్టింది. ఒంటి లెక్క పది అణాల నుంచి ఆరుకు, ఆరు నుంచి మూడుకు దిగుతోంది. మోతాదు 150కి చేరేసరికి ఫ్యాను కింద కూర్చోగలిగారు. మాత్ర పూర్తిగా ఆగిన కొన్ని వారాలకు భుజాలు, తొడలు మామూలయ్యాయి.

కాలంతో పాటు సర్పి నొప్పి దానంతట అదే కూడా తగ్గుతుంది, కాబట్టి ఈ మెరుగుదలంతా మా ఘనత అనుకోకూడదనే వాదన ఉంది. పట్టీ విషయంలో ఒప్పుకుంటాను. కానీ ఒంటి సున్నితత్వం మోతాదు మెట్లను అనుసరిస్తూ దిగింది, అదే సమయంలో పట్టీ పెరిగింది. ఒక్క కారణంతో ఆ రెండు గీతలు ఎదురెదురుగా నడవవు.

పట్టీలో ఇంకా ఎనిమిది అణాల నొప్పి ఉంది. ఇప్పుడు డ్యులోక్సెటిన్‌కు చోటు దొరికింది. మెదడు కాండం నుంచి వెన్నుపాముకు దిగే నరాలు నోరడ్రినలిన్ వదిలి, వెనుక కొమ్ములోని ఆల్ఫా-2 గ్రాహకాల ద్వారా నొప్పిని అణుస్తాయి. ఆ నోరడ్రినలిన్‌ను ఎక్కువ సేపు నిలిపే మందు ఇది. గాబా నిరోధం బలహీనపడిన చోట, పై నుంచి వచ్చే ఈ నిరోధాన్ని బలపరచడం తర్కానికి నిలుస్తుంది. దీన్ని మొదట్లోనే ఎందుకు ఇవ్వలేదని ఒక యువ సహచరుడు అడిగాడు. ట్రమడాల్‌తో కలిపితే సెరటోనిన్ ప్రమాదం. ఇంకోటి, ట్రమడాల్‌ను బలమైన రూపంలోకి మార్చే సీవైపీ2డీ6 ఎంజైమును డ్యులోక్సెటిన్ అణుస్తుంది. రెండూ కలిపి ఇస్తే ఓపియాయిడ్ ప్రభావం ఉన్నట్టుండి పడిపోతుంది, జరిగింది తగ్గింపా, ఉపసంహరణా, కొత్త మందు ఫలితమా అని ఎవరూ చెప్పలేరు. ట్రమడాల్ ఆగి, శరీరం కుదుటపడ్డాకే 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నెమ్మదిగా 40కి పెంచాం. రక్తపోటు, సోడియం, మూత్ర ధార మూడింటినీ గమనిస్తూ వచ్చాం.

పగలు పట్టీ మీద 5 శాతం లిడొకైన్ అతుకు, పన్నెండు గంటలు ఉంచి పన్నెండు గంటలు తీసేయడం. దెబ్బతిన్న నరం నుంచి చర్మం దగ్గర బయల్దేరే అనవసరపు కబుర్లను అది తగ్గిస్తుంది, పైగా చొక్కా నేరుగా ఒంటికి తగలనివ్వదు. ఖరీదు ఎక్కువ. రెండో నెల నుంచి అదే మందు లేపనంగా రాసి, పైన మెత్తటి బనియను వేసుకోవడంతో సరిపెట్టుకున్నారు, తేడా పెద్దగా లేదన్నారు. రోజూ రెండు పూటలా పాత నూలు పంచె ముక్కతో పట్టీ అంచులను కొద్దిసేపు రాయడం నేర్పాం. మొదట గాలికి ఆరేసినంత తేలిగ్గా, తర్వాత కాస్త గట్టిగా.

ఇప్పుడు పట్టీలో నాలుగైదు అణాల నొప్పి మిగిలింది. అది మొత్తం పోతుందని నేను చెప్పలేదు. చికిత్స మొదట్లో ఆయన పెట్టుకున్న లక్ష్యం చొక్కా వేసుకుని కాయల లోడుతో పాటు గుజ్జు ఫ్యాక్టరీ కాటా దగ్గరికి వెళ్లడం. మరుసటి ఏడాది జూన్ కోతకు వెళ్లారు.

తర్వాత మా దగ్గర మారినవి

ఓపియాయిడ్ వాడుతూ నొప్పి పెరిగిందని వచ్చే ప్రతి ఒక్కరికీ ఇప్పుడు శరీర పటం మీద గీయించుకుంటున్నాం. నొప్పి ఎంత ఉందన్నది కాక, మందు పెంచినప్పుడల్లా ఎటు పాకిందన్నది అడుగుతున్నాం. ట్రమడాల్ పేరు చూసి తేలిక మందని దాటవేయడం లేదు. మందు చేర్చే ముందు, ఉన్న మందు ఏ గ్రాహకం మీద ఏం చేస్తోందో ఒక వాక్యం కేసు షీటులో రాయాలని పెట్టుకున్నాం. చాలాసార్లు ఆ వాక్యం రాస్తుండగానే చేర్చవలసిన అవసరం లేదని తెలుస్తోంది.

రసాయనం తెలిస్తే మందు తెలిసినట్టే అన్న ధీమా కూడా పనికిరాదు. సబ్‌స్టెన్స్ పి గ్రాహకాన్ని మూసే మందులు జంతువుల్లో ఆశలు పుట్టించాయి, మనుషుల నొప్పి మీద పరీక్షిస్తే నిరాశపరిచాయి. ఆ కోవకు చెందిన అప్రెపిటాంట్ చివరకు కీమోథెరపీ వాంతులకు మందుగా 2003లో అనుమతి పొందింది. వెనుక కొమ్ములో ఒక దూతను ఆపితే మిగతావి పని నడిపిస్తాయి. ఈయనకు తగ్గింది ఒక్క మందుతో కాదు. ఒకటి తీసి, మూడు వేర్వేరు చోట్ల కొంచెం కొంచెం పట్టుకుంటే తగ్గింది.

డ్యులోక్సెటిన్‌ను మరికొన్ని నెలలు కొనసాగించి మెల్లగా దించి చూడాలని ఉంది, ప్రీగబాలిన్‌ను ఆ తర్వాతే కదిలిస్తాం. మొన్న వచ్చినప్పుడు కుమారుడు వాళ్లమ్మ గురించి అడిగాడు. ఆమెకు అరవై దాటింది, చిన్నప్పుడు ఆటలమ్మ పోసింది. సర్పిని నివారించే టీకా మన దేశంలో 2023 నుంచి దొరుకుతోంది, యాభై దాటినవారికి రెండు మోతాదులు, రెండు నుంచి ఆరు నెలల తేడాతో. ధర చెప్పాను. కోత డబ్బులు చేతికి రాగానే వేయిస్తామన్నాడు.